మేనేజరు గారి గోల్డ్ ఫిష్‌కు నేను చేసిన వైద్యం

ఉద్యోగం పర్మనెంట్ అయ్యేదాకా మనిషికి రాని విద్యంటూ ఉండేది కాదు ఆ రోజుల్లో. నాకైతే చేపల వైద్యం వచ్చేసింది. బేగంపేటలో ఓ చిన్న ఆఫీసులో టైపిస్టుగా కొత్తగా చేరాను. మేనేజరు గారి గదిలో ఒక గాజుతొట్టి, అందులో రెండు గోల్డ్ ఫిష్‌లు. జ్వరంతో మూలుగుతూ హెడ్ క్లర్కు సెలవడిగితే "మాత్ర వేసుకుని రావయ్యా" అనే ఆ మహానుభావుడు, చేప ఒక పూట తిండి మానేస్తే తానూ క్యారియరు విప్పేవారు కాదు. ఆయన మెప్పు కోసం ఒకరోజు నోరు జారాను. "సార్, రెక్కలు ఒంటికి ముడుచుకోవడం, అడుగున కదలకుండా పడి ఉండడం, తెల్లచుక్కలు రావడం... జబ్బు ముందుగా ఇలాగే తెలుస్తుంది." (రైల్లో ఎవరో చెప్పుకుంటుంటే విన్నాను. మిగతా సగం వినేలోపే లాలాగూడ వచ్చింది, దిగిపోయాను.) అంతే, పొద్దున్నే చేపల్ని పరీక్షించి రిపోర్టు ఇవ్వడం నా డ్యూటీ అయిపోయింది.

వారం తిరక్కుండానే రెండింట్లో సన్నగా ఉన్నదాని మొప్పల మీద తెల్లచుక్కలు కనిపించాయి. అంటువ్యాధి అని ప్రకటించి, దాన్ని బకెట్‌లోకి మార్చి, ఉప్పు కలిపాను. "ఆ రెండోది చూడండి సార్, ఎంత గుండ్రంగా ఉందో! దానికి ఢోకా లేదు" అని భరోసా కూడా ఇచ్చాను. ఆయన మనసు ఆగక, మోండా మార్కెట్ దగ్గర రంగుచేపలు అమ్మే అతన్ని పిలిపించారు. అతను బకెట్‌లోకి తొంగిచూసి పకపకా నవ్వాడు.

"ఏందన్నా, గిట్ల పరేషాన్ చేస్తున్నవ్? ఇది మగది. జోడీ కట్టే టైంల గీ చుక్కలు వస్తయ్. బీమారి గాదు, షాదీ మూడ్‌ల ఉంది!" తొట్టి వైపు తిరిగేసరికి మాత్రం అతని నవ్వు ఆగిపోయింది. "బీమారి గీ లావుదానికున్నది. పొలుసులెట్ల లేచినయో చూడు. పొట్టల నీళ్ళు చేరినయ్. జెర ముందుగాల చూస్తె బతుకుతుండె."

రెండు రోజులకు అది పోయింది. ఆ పూట ఆఫీసుకు సెలవు. "నాకు టైఫాయిడ్ వస్తే సుత ఇయ్యలే" అని హెడ్ క్లర్కు నా చెవిలో గొణిగాడు. మేనేజరు గారు ఎర్రబడిన కళ్ళతో నన్ను పిలిచారు.

"లావుగా ఉంటే ఆరోగ్యమన్నావు కదయ్యా!"

తప్పు నాదే అందామని నోరు తెరిచాను. బయటికి వచ్చింది మాత్రం, "జోడీని విడదీశాం కదా సార్, బెంగ పెట్టుకుంది." ఆయన భోరుమన్నారు. "నీది జాలిగుండెయ్యా" అని ఆ నెలలోనే నన్ను పర్మనెంట్ చేశారు.

ఆ మాటకు సిగ్గుపడడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఇప్పుడా టైపిస్టు కుర్రాడు ఎదురుపడితే చెవి మెలిపెట్టి, "తెలియదు అనడం నేర్చుకోరా" అందామని ఉంటుంది. వాడు నవ్వుతాడు. నాకూ నవ్వొస్తుంది. తెలియదన్నవాణ్ణి ఆ ఆఫీసులో ఎవరు ఉంచుకున్నారు గనక!