ల్యాండర్ కింద ఏముందో చూడబోయి

ముంబై దగ్గరి పద్మనగర్‌లో మా మగ్గాల షెడ్డు కింద, ఇల్లు పైన. కింద పవర్‌లూమ్‌లు నడుస్తున్నంతసేపూ పైన అన్నీ వణుకుతూనే ఉంటాయి: గ్లాసులో నీళ్లు, గోడ మీది క్యాలెండరు, ఫోను మాట్లాడుతున్న మా అమ్మ గొంతు. అలాంటి ఇంట్లో కూర్చుని అంతరిక్ష నౌకల నమూనాలు చేసే సరదా పట్టుకుంది నాకు.

నూలు చుట్టి వచ్చే అట్ట కోన్లు షెడ్డులో ఎప్పుడూ గుట్టగా పడి ఉంటాయి. ఒకరోజు ఊరికే ఒక కోన్‌ను పొడవాటి అట్ట గొట్టం మీద పెట్టి చూశాను. రాకెట్టులా ఉంది. ఇక ఆగలేదు. నలభై దాటిన మనిషి జిగురు సీసా పట్టుకుని కూర్చోవడం మా ఆవిడకు మొదట్లో నామోషీగా ఉండేది. చుట్టాలు వస్తే, "లోపల డిజైను చేస్తున్నడు" అని చెప్పేది. వాళ్లు చీరల డిజైను అనుకుని మెచ్చుకుని పోయేవాళ్లు.

రాకెట్లయ్యాక చంద్రుడి మీద దిగే ల్యాండర్ మొదలుపెట్టాను. ఒంటికి అట్టపెట్టె, కాళ్లకు విరిగిన నూలు కండెలు, పాదాలకు సీసా మూతలు. గణపతి మండపం అలంకరణలో మిగిలిన బంగారు రంగు కాగితం పైన చుట్టాను. దాన్ని అలమర మీద సరిగ్గా నడిమధ్య నిలబెట్టి షెడ్డులోకి దిగాను. అన్నానికి పైకి వచ్చేసరికి అది అలమర అంచున నిలబడి కిందికి చూస్తోంది.

"ఎవరు జరిపిన్రే దీన్ని?" అన్నాను.

"ఎవ్వలు జరపలే. అదే నడిసింది. పొద్దటి సంది చూస్తున్న," అంది అమ్మ. "గంత బుద్ధిగ నడుస్తుంటె ఆపబుద్ధి కాలే."

మా ఆవిడ పాత బొంత మడిచి దాని కింద వేసింది. నడక ఆగింది.

ఇక అడుగున ఇంజన్ ఒక్కటే మిగిలింది. అక్కడ ఏముంటుందో నాకు తెలియదు. దొరికిన ఫొటోలన్నీ పక్కనుంచో పైనుంచో తీసినవే. ముంబైలో ఒక మ్యూజియంలో నిలువెత్తు ల్యాండర్ నమూనా ఉందని తెలిసి, మగ్గాలకు సెలవుండే శుక్రవారం ముగ్గురం బయలుదేరాం. షేర్ ఆటోలో అంజూర్ ఫాటా, అక్కడినుంచి బస్సులో థానే, ఆ తర్వాత లోకల్ రైలు. దారి పొడుగునా అమ్మ పక్కన కూర్చున్నవాళ్లందరికీ చెబుతూనే ఉంది, చంద్రుడి బండి చూడబోతున్నామని.

ల్యాండర్ నిజంగానే నా ఎత్తుంది. చుట్టూ తాడు కట్టారు. వంగి చూశాను, కనబడలేదు. గొంతుక్కూర్చున్నాను, కనబడలేదు. సరే అని తాడు ఇవతలే నేల మీద వెల్లకిలా పడుకుని, తల మాత్రం తాడు కిందనుంచి లోపలికి జరిపాను.

సెక్యూరిటీ గార్డు పరుగెత్తుకొచ్చాడు. "క్యా హువా కాకా? చక్కర్ ఆయా?"

కళ్లు తిరిగి పడ్డాననుకున్నాడు పాపం. ఆ మాట అమ్మ చెవిన పడింది. "అయ్యో నా కొడుకో!" అంటూ సంచిలోని సీసా తీసి నీళ్లన్నీ నా మొహం మీద గుమ్మరించింది.

"నాకేం కాలేదే అమ్మా! ఇంజన్ చూస్తున్న!"

"మతి గూడ పోయింది," అంది అమ్మ గార్డుతో తెలుగులోనే.

మా ఆవిడ మాత్రం కదల్లేదు. "కుఛ్ నహీ భాయ్, యే ఐసాచ్ హై," అంది. ఏమీ కాలేదు, ఈయన ఎప్పుడూ ఇంతే అని. గార్డుకు అప్పుడు అర్థమైంది.

ఇంతలో ఏదో బడి పిల్లల గుంపు వచ్చింది. నన్ను చూసి, దీన్ని ఇలాగే చూడాలి కాబోలు అనుకుని ఒక్కొక్కరే బారుగా పడుకున్నారు. వాళ్ల టీచరమ్మ లేవండి లేవండి అని మరాఠీలో కాసేపు అరిచి, చివరికి తనూ వంగి చూసింది. అమ్మ కొంగు నడుముకు దోపుకుంది.

"అందరు చూడంగ నేనొక్కదాన్నే ఎందుకు మిగలాలె?"

మోకాళ్ల నొప్పుల మనిషి, వద్దంటున్నా పడుకుంది. తల అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏం కనవడ్డదే?" అన్నాను.

"గుడిగంటలు బిడ్డా. ఒక్కటి కాదు, చానున్నయ్. గీ నాలుకలే లేవు."

చూడడమైతే చూసింది గానీ లేవడం రాలేదు. నేనూ మా ఆవిడా చెరో చెయ్యి పట్టుకున్నాం. చాలక గార్డు వెనకనుంచి పట్టాడు. లేచాక అమ్మ అతని తల నిమిరి, ఇంటినుంచి తెచ్చిన సకినాలు చేతిలో పెట్టింది. మేం గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి చూస్తే, అతను టోపీ తీసి పక్కన పెట్టి నేల మీద పడుకుని ఉన్నాడు.

ఇంటికి వచ్చి ఇంజన్ చేయబోయాను. నాకేమీ గుర్తు లేదు. చూస్తున్నప్పుడు కళ్లలో అమ్మ పోసిన నీళ్లే ఉన్నాయి మరి.

"నువ్వేం చూసినవ్? నేను చెప్త, నువ్వు చెయ్యి," అని అమ్మ పీట వేసుకుని కూర్చుంది. కోన్ల మొనలు కోసి గంటల్లా అతికించాను. ఇది వంకరంది, అది సన్నమంది, నడిమిది పీకించి మళ్లీ పెట్టించింది. వారం రోజులు నా ఇంజనీరు ఆవిడే.

ఇప్పుడు ఇంటికెవరు వచ్చినా ల్యాండర్‌ను అమ్మే చూపిస్తుంది. గంటలు కనబడాలని దాన్ని తలకిందులుగా తిప్పి పెడుతుంది. మళ్లీ సరిచేస్తే ఒప్పుకోదు. మా ల్యాండర్ కాళ్లు పైకి చాచి, వెల్లకిలా పడ్డ మేకపిల్లలా అలమర మీద ఉంటుంది. వచ్చినవాళ్లు గుమ్మంలోంచే ఆ గంటలు చూసి, అది దేవుడి సామాననుకుని చెప్పులు బయటే విడిచి వస్తున్నారు.