దోమల మందు పూసిన చెయ్యి

నా పెనిమిటి పోయినాక గూడా పట్టుపురుగుల్ని నేను వదల్లేదు. మాది రాయల్పాడు పక్కన చిన్న ఊరు. మామిడితోపులు ఉండేవాళ్లకు తోపులు. నాకు అరెకరా మల్బరీ తోట, ఇంటెనక పురుగుల షెడ్డు. చదువు సంతకం వరకే. కానీ ఊర్లో ఎవురి పురుగులకు జబ్బు చేసినా నన్నే పిలుస్తారు. పురుగు తల ఎత్తిన తీరు చూసి దానికేమి కావాలో చెప్పేస్తాను.

ఒక పంటప్పుడు మా ఇంటికి జర్మనీ పిల్ల వచ్చింది. వాళ్ల కాలేజీకీ బెంగళూరు కాలేజీకీ ఒప్పందమంట. ఇక్కడి పిల్లలు కొన్నాళ్లు అక్కడ చదవాల, అక్కడి పిల్లలు ఇక్కడ. చిన్నపురుగు కాడినుంచి గూడు కట్టేదాకా ఒక పంట కండ్లారా చూసి రాస్తేనే ఈ పిల్ల పాసయ్యేది. బెంగళూరు కాలేజీ సారు తెచ్చి మా ఇంట్లో దించి పోయినాడు.

ఆ పిల్లకు కన్నడం రెండు ముక్కలు వస్తాది. నేను తెలుగులో అంటాను, తను కన్నడంలో అంటాది, మిగిలింది చేతులతో. మొదటిరోజే నన్ను అమ్మా అనింది. రాగిముద్దను నమలతా ఉంటే, నమలకూడదు తల్లీ, మింగాల అని చూపించినాను. గొంతులో పడి, కండ్లనీళ్లు పెట్టుకొని నవ్వింది. పురుగులు పొర విడిచేదానికి ఆకు మాని పడుకుంటే మేము జ్వరమంటాము. అవి తినని పూట తనూ సరిగా తినేది కాదు.

నాలుగో జ్వరం లేచినాయి పురుగులు. ఇంగ వారం రోజులు తిండే తిండి. ఆ సాయంత్రం చూస్తే దోమలు కుట్టి పిల్ల కాళ్లు దద్దుర్లు దద్దుర్లు. అంగడికి పోయి దోమలకు పూసే క్రీము తెచ్చి, అరుగు మీద కూర్చోబెట్టి, రెండు కాళ్లకూ నేనే పూసినాను. కొంగుకు చెయ్యి తుడుచుకొని ఆకేసేదానికి షెడ్డులోకి పోయినాను. పిల్ల వాకిట్లో నుంచే ఆకుబుట్ట అందించింది.

ఆ మందు తగిలితే పురుగు చస్తాది. పౌడరు గూడా పూసుకొని లోపలికి రాకూడదని ఊరంతటికీ చెప్పేదాన్ని నేనే.

తెల్లారి చూస్తే రెండు తట్టల పురుగులు తల విదిలిస్తా, పచ్చనీళ్లు కక్కతా ఉండాయి. చూస్తానే నాకు తెలిసిపోయింది. మా తోడికోడలు వచ్చి, "అక్కా, యాడ యాడో తిరిగొచ్చిన పిల్లను లోపలికి రానిస్తే ఇంగేమయితాది" అనింది. నేను నోరు తెరవలేదు. ముందు చేసిన తప్పుకంటే అదే పెద్ద తప్పు.

పిల్లకు మాట అర్థం కాకపోయినా చూపు అర్థమయింది. తన కాళ్లకుండే మందే ఆకుకు తగిలిందనుకొని తట్టల ముందర కూర్చొని ఏడ్చింది. సారుకు ఫోన్ చేసి, నా వల్ల ఈయమ్మ పంట పోతా ఉండాది, వచ్చి పిల్చుకొని పోండి అనింది. చదువు సంగతేమని ఆయన అడిగితే, పోతే పోనీ అనిందంట.

నేను తోటలో ఆకు కోసుకుంటానే ఉండాను. ఇన్నేండ్లు నన్ను పిల్చినవాళ్ల ముందర నా చెయ్యే చంపిందని ఎట్ల చెప్పేది?

సాయంత్రం జీపు వచ్చింది. తోడికోడలు, పక్కింటాయన వాకిట్లో నిలబడినారు. సారు బ్యాగు ఎత్తి జీపులో పెట్టినాడు. పిల్ల నా కాళ్లు మొక్కేదానికి వంగింది. ఎవురు నేర్పించినారో ఏమో. ఇంగ ఓర్చుకోలేకపోయినాను.

"సార్, బ్యాగు దించు. మందు పూసింది నేను, ఆ చేత్తోనే ఆకేసింది నేను. పిల్ల ఆ మందును చేత్తో తాకలేదు."

తోడికోడలు, "నువ్వా అక్కా?" అనింది. ఇంగ మా షెడ్డుకు పిలవాలంటే ఆలోచించాలమ్మో అని పక్కింటాయన నవ్వినాడు. పిలవకపోతే పోనీ అనుకున్నాను.

సారు మాటలన్నీ పిల్లకు తిప్పి చెప్పినాడు. పిల్ల నన్నే చూస్తా ఆయన్ను ఏమో అడిగింది. ఈ సంగతి తను రాసేదాంట్లో పెట్టొచ్చునా అని.

"పెట్టమను. నా చెయ్యే అని రాయమను."

మిగిలిన తట్టలు బతికినాయి. వారానికి పురుగులు పండి ఒళ్లు అద్దం మాదిరి అయినాయి. గూళ్లు కట్టేదానికి వాటిని ఏరి చంద్రికలనే వెదురు తడకల మీదికి ఎత్తాల. నాకు కండ్లు ఆనక వదిలేసినవాటిని పిల్ల ఒక్కొక్కటే ఏరింది. లోపలికి పొయ్యే ప్రతిసారీ వాకిట్లో నీళ్లచెంబు పట్టుకొని నిలబడేది. నేను చేతులు కడిగితే, రెండూ పట్టుకొని వాసన చూసేది.

"ఇంగొకసారి, అమ్మా" అనేది తెలుగులో. ఇంగొకసారి కడిగేదాన్ని.