వైనతేయ ముఖద్వారం దగ్గర మా మావయ్య వెతికింది

మా మావయ్య పోయాడన్న కబురు పోయిన వారం స్కూల్లో ఉండగా తెలిసింది. ఆఫీసు రూములో ఫోనెత్తితే అవతల అత్తయ్య. ఏడవడం లేదు. “మీ మావయ్య కుర్చీలోంచి లేవలేదే అమ్మాయ్. టీ గ్లాసు అలాగే చేతిలో ఉంది. నువ్వు వచ్చెయ్,” అంది. రాజమండ్రిలో అమలాపురం బస్సెక్కినప్పుడు కూడా నా కళ్లు పొడిగానే ఉన్నాయి. రావులపాలెం దాటి కొబ్బరితోటలు మొదలయ్యాక ఏడుపు ఆగలేదు.

చూడ్డానికి వచ్చినవాళ్లలో సగం మంది ఆయన్ని ‘ఓడబాబు’ అనే తలుచుకున్నారు. వీధి అరుగు మీద కూర్చున్న ఒక పెద్దమనిషి, “పాపం, ఆ బంగారం పిచ్చి చివరిదాకా వదల్లేదండి ఆయన్ని,” అన్నాడు. చావింట్లో గొడవెందుకని ఊరుకున్నాను గానీ ఒళ్లు మండిపోయింది. ఆ మాట తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆయన మా అమ్మకి తమ్ముడు. ఓడలరేవు దారిలో చిన్న ఐసు ఫ్యాక్టరీ నడిపేవాడు. చేపల వేటకెళ్లే పడవలు ఆయన దగ్గరే ఐసు వేయించుకునేవి. గోదావరి పాయ వైనతేయ సముద్రంలో కలిసే చోటికి కాస్త అవతల, ఎప్పుడు వల వేసినా చిరిగిపోయే తావు ఒకటుందని ఆ పడవలవాళ్లే ఆయనకి చెప్పారు. ఒకసారి చిరిగిన వలలో రాగి మేకు కొట్టిన చెక్క, నాలుగు పింగాణీ పెంకులు వచ్చాయి. అంతే, తెల్లవాళ్ల కాలం నాటి ఓడ బంగారంతో సహా అక్కడ మునిగి ఉందని మావయ్య తేల్చేశాడు. ఇక ఆయనకి నిద్ర లేదు, ఇంట్లోవాళ్లకి మనశ్శాంతి లేదు.

అత్తయ్యకి ఒక్కడే తమ్ముడు. పెళ్లి కానివాడు, మంచి ఈతగాడు, బావ మాటంటే వేదం. పంక్చర్ షాపుల్లో ఉండే గాలి కంప్రెసర్‌ని బావా బావమరుదులిద్దరూ పడవ మీదికెక్కించారు. దానికి పొడుగాటి రబ్బరు గొట్టం తగిలించి, ఆ గొట్టం నోట కరుచుకుని ఒకరు కిందికి దిగేవారు. అక్కడ నీళ్లన్నీ బురద, చెయ్యి చాస్తే వేళ్లు కనపడవు. దిగినవాడి నడుముకి తాడు. ఆ తాడు రెండో కొస పడవలో ఉన్నవాడి చేతిలో ఉండేది.

మొదట్లో మావయ్యే దిగేవాడు. కొన్నాళ్లకి కుడిచెవి కర్ణభేరి చిరిగింది. ఇంకోసారి నీళ్లలోకి దిగితే రెండో చెవి కూడా పోతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. అప్పటినుంచి దిగడం బావమరిది వంతు, తాడు పట్టుకోవడం మావయ్య వంతు. పడవ అద్దెలకీ డీజిలుకీ తాతగారిచ్చిన కొబ్బరితోట హారతి కర్పూరమైంది. “దొరికితే గవర్నమెంటుది, పోతే మనది. ఇదేం వేటండీ?” అని అత్తయ్య అడిగేదట. మావయ్య డీజిలు డబ్బా పట్టుకుని రేవుకి వెళ్లిపోయేవాడట.

తొంభై ఆరు వేసవిలో ఒక రోజు పైకి లాగితే గాలి గొట్టం సగానికి తెగి వచ్చింది, తాడు ఖాళీగా వచ్చింది.

రోజుల తరబడి వెతికారు. మనిషి దొరకలేదు. చోటు మాత్రం గుర్తుంది. ఒడ్డున ఉన్న జంట కొబ్బరిచెట్ల నడుమ చర్చి మీది శిలువ కనపడాలి, పక్కన సరుగుడు తోట చివర కనపడాలి. సముద్రం మీద ఏ తావునైనా అక్కడివాళ్లు ఒడ్డును బట్టే గుర్తుపెట్టుకుంటారు. ఆ ఏడు దీపావళికి ముందు వచ్చిన తుఫాను సంగతి కోనసీమలో ఎవరికీ చెప్పక్కర్లేదు. అది వెళ్లాక చూస్తే జంట చెట్లూ లేవు, సరుగుడు తోటా లేదు. శిలువ ఒక్కటే మిగిలింది. ఆ కుర్రాడు ఎక్కడ మునిగాడో చెప్పే గుర్తు అలా పోయింది.

శవం దొరకలేదు కాబట్టి తన తమ్ముడు చచ్చిపోలేదని అత్తయ్య అంది. ఏ ఒరిస్సా పడవవాళ్లో ఎక్కించుకుని ఉంటారని అంది. దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించవచ్చని చెప్పడానికి వచ్చిన పురోహితుడి ముఖం మీదే తలుపు వేసింది. మావయ్యతో ఒకే ఇంట్లో ఉండేది గానీ అవసరానికి మించి మాట ఉండేది కాదు.

నాకు టీచరుగా మొదటి పోస్టింగు వాళ్ల ఊరికి దగ్గర్లోనే పడింది. తుఫాను తర్వాత మూడేళ్లపాటు వాళ్లింట్లోనే ఉన్నాను. అప్పటికే మావయ్య ఒక వింత పద్ధతి పెట్టాడు. వలలో చేప కానిది ఏది తగిలినా తెచ్చి చూపించిన పడవకి ఆ రోజు ఐసు ఉచితం. ఊరంతా నవ్వుకునేది. నేనూ, “ఓడ దొరికితే నాకో జత గాజులు మావయ్యా,” అనేదాన్ని. “చేయిస్తాలేవే,” అనేవాడు. ఆయన కుడిచెవిలో ఎప్పుడూ ఇంజను ఆడుతున్నట్టు మోత. కరెంటు పోయి ఫ్యాక్టరీ మొత్తం నిశ్శబ్దమైనప్పుడు మేం హమ్మయ్య అనుకునేవాళ్లం. ఆయన మాత్రం ఆ చెవి మూసుకుని బయటికి వెళ్లిపోయేవాడు. పెరట్లో నుయ్యి ఉండగానే బోరు వేయించాడు. నూతిలో చేద పైకి లాగేటప్పుడు కాస్త తేలిగ్గా వచ్చినా తాడు నా చేతిలో పెట్టేసేవాడు.

ఒక ఆదివారం నేను ఫ్యాక్టరీలో ఉండగా ఒక పడవతను గోనె మూట తెచ్చాడు. “బాబుగారండీ, ఈసారి మంచి సరుకేనండి. చెక్కకి ఇత్తడి కూడా ఉందండి, ఆయ్,” అన్నాడు సంబరంగా. మావయ్య ఆ చెక్కని చూసీ చూడకుండా పక్కకి విసిరేశాడు. మూట అడుగున చివికిన రబ్బరు గొట్టం ముక్క ఉంది. దాన్ని తీసుకెళ్లి కుళాయి కింద కడిగాడు. మట్టి పోయేదాకా గోటితో గీశాడు. “ఇది ఎక్కడ తగిలిందిరా?” అని అడిగాడు. చేపల చెరువులకి వాడే గొట్టంలా ఉందండీ అన్నాడు పడవతను. అతనికి ఐసు వేయించి పంపేశాక మావయ్య అక్కడే గట్టు మీద కూలబడ్డాడు.

“ఓడ ఎవడిక్కావాలే అమ్మడూ,” అన్నాడు. “వాడి ఎముకొక్కటి దొరికినా చాలు. తీసుకెళ్లి మీ అత్త చేతిలో పెడితే, అప్పుడైనా నన్ను తిడుతుంది. ఇప్పుడు తిట్టడం కూడా లేదు.”

తాడు సంగతి కూడా ఆ రోజే చెప్పాడు. “రెండుసార్లు లాగితే ఏదో దొరికిందని గుర్తు. బుట్ట దింపి, తాడు వదులు చెయ్యాలి. మూడుసార్లు లాగితే పైకి లాగెయ్యాలి. వాడు రెండుసార్లు లాగాడు. నేను ఎగిరి గంతేసి తాడు వదిలాను. మూడోసారి లాగడానికి వాడికి ఓపిక లేకపోయిందేమోనే.”

అత్తయ్యకి ఇది తెలుసా అని అడిగాను. “ఆ రోజే చెప్పాను,” అన్నాడు. ఆ తర్వాత నేనెప్పుడూ గాజుల మాట ఎత్తలేదు. ఆ ఐసు పద్ధతి మాత్రం ఆయన పోయిన వారం దాకా నడిచింది.

మావయ్యని తలుచుకుంటే నాకు అన్నిటికంటే ముందు రెండువేల మూడు పుష్కరాలు గుర్తొస్తాయి. అప్పటికి నాకు రాజమండ్రి బదిలీ అయింది. ఇద్దరూ మా ఇంట్లో దిగారు. రేవులో ఇసక వేస్తే రాలనంత జనం. మోకాలి లోతు నీళ్లలో మావయ్య కూర్చుంటే, మెట్టు మీద నేనూ అత్తయ్యా నిలబడ్డాం. పురోహితుడు వరసగా వావులు అడుగుతున్నాడు, మావయ్య పేర్లు చెప్పి నువ్వులూ నీళ్లూ వదులుతున్నాడు. తండ్రి, తాత, మావగారు.

“బావమరుదులు పోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా బాబూ?”

మావయ్య వెనక్కి తిరిగి అత్తయ్య వంక చూశాడు. “లేరండి,” అన్నాడు.

పాపాలు కడుక్కునే గోదావరిలో కూర్చుని ఆమె కోసం అబద్ధం చెప్పాడు. అత్తయ్య ఒక మెట్టు కిందికి దిగింది. తర్వాత పురోహితుడితో, “ఉన్నాడండి,” అని, తమ్ముడి పేరు చెప్పింది. గోత్రం, ఇంటిపేరు కూడా తనే చెప్పింది.

పురోహితుడు మావయ్య కుడిచేతిలో నువ్వులు పెట్టి నీళ్లు పోశాడు. “వదలండి బాబూ,” అన్నాడు. మావయ్య వదల్లేదు. వేళ్లు బిగించేశాడు. పురోహితుడు ఇంకోసారి చెప్పాడు. వెనక జనం తొందరపడుతున్నారు. అత్తయ్య నీళ్లలోకి దిగి ఆయన భుజం మీద చెయ్యి వేసి, “వదిలెయ్యండి,” అంది. ఆయన వల్ల కాలేదు. నీళ్లు పిడికిలిలోంచి వాటంతట అవే కారిపోయాయి. ఆ పిడికిలి అలాగే పట్టుకుని ఆయన మెట్లెక్కాడు, ఆటో ఎక్కాడు, మా ఇంటికొచ్చాడు.

ఆ మధ్యాహ్నం విస్తరి ముందు కూర్చున్నాక కూడా కుడిచెయ్యి తెరవలేదు. నేను ఏదో అనబోతే అత్తయ్య వద్దన్నట్టు చూసింది. ఆయనకి ఎదురుగా నేల మీద కూర్చుని, పప్పూ అన్నం కలిపి, ముద్దలు చేసి, ఒక్కొక్కటీ ఆయన నోట్లో పెట్టింది.