చక్రాలున్న ఇంటికి గృహప్రవేశం

ఆ రోజుల్లో అనగానే మీరు కిరసనాయిలు దీపాలు, ఎడ్లబండ్లు ఊహించుకుంటారేమో. అంత పాతకాలం కాదు. అందరి చేతుల్లో ఫోన్లున్న రోజులే. మబ్బు పట్టిన నాడు మా ఫోన్లలో మాత్రం చార్జింగ్ ఉండేది కాదు. మాకు పెళ్ళయిన కొత్త. కాలం చేసిన మా మామగారు ఐరాల దగ్గర వదిలిపోయిన రెండెకరాల మెట్టలో రాళ్ళూ కంపచెట్లూ తప్ప ఇంకేమీ పండేవి కావు. ఆ మెట్ట మీద, ఒక పాత స్కూలు బస్సులో మా కాపురం. ఈ మాట చెప్పగానే వినేవాళ్ళు ముందు నా మొహం చూస్తారు, తర్వాత "అయ్యో పాపం" అంటారు. పాపమేమీ లేదు. మా ఆయన నన్ను మోసం చేసి తీసుకుపోలేదు. బస్సుకు ఎన్ని కిటికీలున్నాయో చూసి నేనే సరేనన్నాను. (పుట్టింట్లో నేను పడుకునే గదికి కిటికీ లేదు. ఆడపిల్లలు ఇలాంటి కారణాలతో కూడా జీవితాలు నిర్ణయించుకుంటారని పెద్దవాళ్ళకు తెలియదు.)

మా ఆయన చిత్తూరులో మిద్దెల మీద సోలార్ పలకలు బిగించే పని చేసేవాడు. ఎవరో తెల్లవాళ్ళు, మొగుడూ పెళ్ళాం, ఎడారిలో బండి నిలుపుకుని, దాంట్లోనే వండుకుని, దాంట్లోనే పడుకుని, పొద్దున్నే మెట్ల మీద కూచుని కాఫీ తాగే వీడియో ఒకటి ఆయన కంట పడింది. "మనకూ ఎండుండాది, బయలుండాది, కాఫీ ఉండాది. ఇంకేం గావల్ల మే?" అన్నాడు. ఆ వీడియోలో బట్టలుతికేది చూపించలేదు, నీళ్ళు మోసేది అసలే చూపించలేదు. మా మెట్టకు కరెంటు స్తంభాలు రాలేదు, వేసిన బోర్లలో దుమ్ము తప్ప నీళ్ళు రాలేదు కాబట్టి ఎడారికి ఏమాత్రం తీసిపోదని ఆయన ధైర్యం. తుక్కుకు పోబోతున్న బస్సును ట్రాక్టరుతో లాగించి తెచ్చాడు. సీట్లు పీకి మంచం, గ్యాసుపొయ్యి, నీళ్ళ డ్రమ్ము అమర్చాడు. పైన పలకలు బిగించాడు. ఇంజను తీసేసి ఆ చోట బ్యాటరీలు పెట్టాడు. బ్రేకుల సామాను కూడా ఎవరికో ఇచ్చేశాడు. "ఇల్లు యాడికన్నా పోతాదా, అవన్నీ యాల?" అన్నాడు. నేల కొంచెం వాలుగా ఉండేది కాబట్టి చక్రాలకు అడ్డంగా పెద్ద గుండ్రాళ్ళు పెట్టాడు. మా ఇంటికి పునాది అంటే ఆ రాళ్ళే.

ఇక మా దినచర్య అంతా సూర్యభగవానుడి చేతిలో ఉండేది. మిక్సీ మిట్టమధ్యాహ్నం ఎండకు తప్ప తిరిగేది కాదు. అందుకని పొద్దుటి ఇడ్లీల్లోకి ముందురోజు మధ్యాహ్నం నూరిన చట్నీ తినేవాళ్ళం. మబ్బు పడితే కారప్పొడి. వాన మొహం చూస్తే మా జిల్లాలో అందరూ సంతోషిస్తారు, మా ఆయన ఒక్కడే ఆకాశం వంక చూసి నిట్టూర్చేవాడు. నీళ్ళు పక్క చేను పెద్దాయన ఇచ్చేవాడు. ఆ చుట్టుపక్కల నీళ్ళు పడిన బోరు ఆయనదొక్కటే, అందుకే ఆయన్ని బోరుమామ అని పిలిచేవాళ్ళం. తెచ్చుకున్న నీళ్ళతో బియ్యం కడిగి, ఆ నీళ్ళతో గిన్నెలు తొలిచి, ఆ నీళ్ళను కాకరపాదుకు పోసేదాన్ని. ఎండాకాలం మధ్యాహ్నాలు లోపల ఉండలేక బస్సు కింద చాప వేసుకుని పడుకునేవాళ్ళం. సొంత ఇంటి కింద పడుకున్న దంపతులు మా జిల్లాలో ఇంకెవరూ ఉండరనుకుంటాను. ఇన్ని అగచాట్లున్నా ఆ బస్సంటే నాకు ప్రాణం. సాయంత్రం అన్ని కిటికీలూ తీస్తే అటునుంచి ఇటు గాలి పోయేది, ఇలా కూచోవద్దు అలా నిలబడవద్దు అనేవాళ్ళు లేరు, చెడినా బాగుపడినా అది మాది.

మా అత్తకు మాత్రం అది ఇల్లు కాదు. ఆమె పాకాలలో రైలు పట్టాల పక్కన ఉండేది. రైలు పోయినప్పుడల్లా ఆ ఇంట్లో గిన్నెలన్నీ గలగలమనేవి, గోడకున్న మామగారి ఫోటో వంకరయ్యేది, ఆమె లేచి సరిచేసేది. అయినా ఆమె దృష్టిలో కదలనిది ఆమె ఇల్లు, మాది బండి. ఫోన్ చేస్తే "బండిలో అందరూ బాగుండారా?" అనేది. అందరూ అంటే మేమిద్దరమే. కాసేపాగి, "ఎప్పుడు దిగతారు?" అనేది, మేమేదో దూరప్రయాణంలో ఉన్నట్టు. ఏడాది గడిచినా ఒక్కసారి కూడా బస్సెక్కలేదు. వచ్చినా బయటే నిలబడి, నేనిచ్చిన కాఫీ తాగి, గ్లాసు కిటికీలోంచి అందించి పోయేది. చివరికొకరోజు తేల్చి చెప్పింది. "పాలు పొంగించని చోట కాపరమేందిరా? అయ్యోరిని పిలిపించి శాస్త్రంగా చెయ్యండి. నేనొచ్చి సూస్తా. అది ఇల్లని నా మనసుకు తోస్తే ఉండండి. లేదంటే మూటా ముల్లె సర్దుకోని నా ఎనక గదిలోకి రాండి." తల్లి మాటంటే మా ఆయనకు చచ్చేంత భయం, సరేనన్నాడు. ఆ వెనక గదికి కూడా కిటికీ లేదు. నేను చూసి వచ్చాను.

పూతలపట్టు నుంచి అయ్యవారు వచ్చారు. ఆయన కొత్త బండ్లకు పూజలు చేసి చేయి తిరిగిన మనిషి. బస్సు చుట్టూ ఒకసారి తిరిగి, "ఇంటికి చేసేది ఇంటికి చేస్తాను, కాదన్ను. కానీ చక్రాలుండాయి గదప్పా, బండికి చేసేది బండికి చెయ్యల్ల" అన్నారు. బండి అన్న మాట వినగానే మా అత్త నా వంక చూసింది. నేను కాకరపాదు వంక చూశాను. ఏమైతేనేం, రెండూ చేద్దామని తేలింది. ముందు గోప్రవేశం. బోరుమామ తన ఆవును తోలుకొచ్చాడు. అది ముందుకాళ్ళు మెట్టు మీద పెట్టి, లోపలికి తొంగిచూసి, ఇక చాలనుకుంది. "సగం ఎక్కింది గదా, ఎక్కినట్టే లెక్క" అని అయ్యవారు సర్దుకున్నారు. పొయ్యి మీద పాలు పెట్టాలి కాబట్టి అత్త మొదటిసారి లోపలికి వచ్చింది. చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, మంచం, డ్రమ్ము, గిన్నెల అర, అన్నీ చూసింది. నేను పొయ్యి వెలిగించి, మనసులో ఉన్న దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

బయట అయ్యవారు చక్రాల దగ్గర కూచున్నారు. "ఈ రాళ్ళు తీసి నిమ్మకాయలు పెట్టప్పా."

"ఇంజను లేదు స్వామీ. నిమ్మకాయలెట్ల నలగతాయి?" అన్నాడు మా ఆయన.

"కొంచెం తోస్తే నలగతాయి. నిమ్మకాయ నలక్కుండా నేను యాడా పూజ చేసింది లేదు."

నా మొగుడు మిద్దెల మీద పలక ఏ వాలున పెట్టాలో కళ్ళతో చూసి చెప్పేసేవాడు. తన ఇల్లు ఏ వాలున ఉందో మాత్రం ఆ క్షణాన ఆయన బుర్రకు తట్టలేదు. రాళ్ళు తీసి పక్కన పెట్టాడు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాడు. ఎవరూ తోయలేదు. నిమ్మకాయలు వాటంతటవే నలిగాయి. అయ్యవారు "శుభం" అన్నారు. బస్సు ఆగలేదు.

ఆవు నిదానంగా కాళ్ళు దించుకుని పక్కకు జరిగింది. లోపల అత్తా నేనూ, పొయ్యి మీద పాలు. మా మెట్ట దిగువన ఎండిపోయిన వంక ఒకటుంది. ఇల్లు దాని వైపు, తొందరేమీ లేకుండా, పెళ్ళికి పోతున్నట్టు బయలుదేరింది. కిటికీలో కంపచెట్లు వెనక్కి పోతున్నాయి. మా ఆయన పరిగెత్తి వెనకున్న నిచ్చెన పట్టుకున్నాడు. ఇంటిని ఆపబోయి ఇంటితోపాటే వచ్చాడు. మా అత్త ఒక చేత్తో కిటికీ ఊచ, ఇంకో చేత్తో నా మణికట్టు పట్టుకుని, తల బయటపెట్టి గొంతు చించుకుంది. "రేయ్, ఇల్లు పోతాండాదిరా! ఇంటిని పట్టుకోండి రా ఎవురన్నా!"

సరిగ్గా అప్పుడే పాలు పొంగాయి. వాలు తూర్పుకే కాబట్టి తూర్పుకే పొంగాయి. పొయ్యి ఆర్పాలన్న తెలివి నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు, ఆర్పాను. ముందు చక్రాలు వంక ఇసుకలో దిగబడి ఇల్లు నిలిచింది. అత్త నా మణికట్టు వదల్లేదు, నేనూ విడిపించుకోలేదు. పెళ్ళయ్యాక ఆమె నన్ను ముట్టుకోవడం అదే మొదలు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

మోచేతులు గీరుకుపోయిన మా ఆయన తలుపులోంచి తొంగిచూశాడు. ఆయన నోట వచ్చిన మొదటి మాట, "అమ్మా, ఇందాక ఏమని అరిస్తివి?"

"ఏమంటి? పట్టుకోమంటి."

"దేన్ని?"

అత్త కొడుకు వంక ఒక చూపు చూసి, నావైపు తిరిగింది. "పాలు సల్లారిపోతాండాయి పాపా. సక్కెరేసి అందరికీ పొయ్యి. వాళ్ళు ఈడికే వస్తార్లే." వాళ్ళు అలాగే వచ్చారు. అయ్యవారు, బోరుమామ, వెనకాల ఆవు, అందరూ వంకలోకి దిగి వచ్చి పాలు తాగిపోయారు. తర్వాత బోరుమామ ట్రాక్టరుతో లాగించి మా ఇంటిని మెట్ట మీద పెట్టించాడు. ఆ వెనక గది మాట అత్త మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. తానేమని అరిచిందో కూడా ఈనాటికీ ఒప్పుకోలేదు.

కొన్నేళ్ళు అక్కడే ఉన్నాం. మాకొక పిల్ల పుట్టింది. దానికి బడి అవసరమై చిత్తూరులో ఇల్లు కట్టుకున్నాం, అత్త కూడా మాతోనే ఉంటోంది. కొత్త ఇంటి గృహప్రవేశానికి ఆవు పూర్తిగా లోపలికి వచ్చింది, అన్నీ శాస్త్రప్రకారం జరిగాయి. పాలు పొంగే వేళకు నాకు తెలియకుండానే నా చెయ్యి కిటికీ ఊచ పట్టుకుంది. పక్కకు చూస్తే అత్త కూడా పట్టుకుని నిలబడి ఉంది. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని తల దించుకున్నాం. చుట్టాలు మేమేదో భక్తిలో ఉన్నామనుకున్నారు. పాలు పొంగాయి, అందరూ చప్పట్లు కొట్టారు. ఇల్లు ఎక్కడికీ పోలేదు. నాకెందుకో కొంచెం దిగులేసింది.