అసలుకు జమ

మొన్న ఆఫీసులో టీ తాగుతూ పక్క సీటు అమ్మాయి ఫోన్ మీద నాలుగుసార్లు వేలు ఆడించి, చదువు లోన్‌లో ఈ నెల కొంచెం ఎక్కువ కట్టేశానని చెప్పి, మళ్లీ బిస్కెట్టు టీలో ముంచుకుంది. అంతే! అంత పెద్ద పని చేసి ఇంత నిదానంగా ఎలా కూర్చుందా అని నేను ఆ పిల్ల మొహంకేసి చూస్తూ ఉండిపోయాను. చదువు కోసం బ్యాంకులో అప్పు చేసి, గడువుకు ముందే దాన్ని వదిలించుకోవాలని పరుగులు పెట్టిన మా ఈడు వాళ్లకు ఆ సంబరం ఎలాంటిదో నేను వేరే చెప్పనక్కర్లేదు.

మాది ఎమ్మిగనూరు. నాన్న పోయాక అమ్మ మగ్గం మీదే ఇల్లు నడిచింది. నాకు ఎం.సి.ఎ.లో సీటొచ్చినప్పుడు, జీతం వచ్చే మనిషి ఇంకొకరు సంతకం చేస్తేగాని అప్పివ్వమని బ్యాంకువాళ్లు అంటే, ఒక బట్టల అంగట్లో చీరలు మడతపెట్టే పనిలో ఉన్న మా అక్క, యజమానిని కాసేపు సెలవడిగి వచ్చి, నా పేరు కింద తన పేరు గుండ్రంగా రాసి వెళ్లిపోయింది. ఆ సంతకం బరువెంతో మా ఇద్దరికీ అప్పుడు తెలియదు. చదువయ్యాక ఆదోనిలో ఒక పత్తి మిల్లులో లెక్కలు రాసే ఉద్యోగం దొరికింది. పొద్దున్నే బస్సెక్కి ఆదోని పోవడం, పొద్దుగూకాక జుట్టునిండా దూదితో ఇల్లు చేరడం, నెలనెలా బ్యాంకు కంతు కట్టడం. ఇక నాకేం తొందర?

తొందర అక్క వైపు నుంచి వచ్చింది. బజారులో ఒక చిన్న అంగడి ఖాళీ అవుతోందనీ, చలికాలంలో వచ్చే మా ఊరి జాతర దాకా ఎవరికీ ఇవ్వకుండా ఆగుతానని ఆ అంగడి సొంతదారు మాటిచ్చాడనీ, సొంతంగా చీరలు పెట్టి అమ్ముకుందామని అక్క ఆశపడి బ్యాంకుకు పోయింది. చెల్లెలి అప్పులో మీ పేరుంది, అది తీరనిదే మీకు కొత్తది ఇవ్వలేమన్నారట. "నీ లోను ముగిసేదాకా నాకీయరంటమ్మే. పోనీలే, అంగళ్లు యాడికి పోతాయి" అని అన్నం వడ్డిస్తూ తేలిగ్గానే అనేసింది గానీ, నేను తింటున్నది వదిలేసి ఇంకెన్ని కంతులున్నాయో వేళ్ల మీద లెక్కేయసాగాను. ఇన్నేళ్లూ ఇంకొకరి చీరలు మడతపెట్టిన మనిషి తన చీరలు తాను పరుచుకునే రోజు వస్తే, దానికి నా చదువే అడ్డం నిలబడింది.

ఇక చూడాలి నా హడావుడి! పత్తి సీజను ముంచుకొచ్చి బండ్లు మిల్లు గేటు దాటి రోడ్డు మీద బారులు తీరాయి. ఎవరు సెలవు పెట్టినా వాళ్ల పని నాకే ఇమ్మని మేనేజరు వెంటపడేదాన్ని. బస్టాండులో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీల వాసన పేరు పెట్టి పిలుస్తున్నా ముక్కు మూసుకుని బస్సెక్కేదాన్ని. అలా మిగిలిన డబ్బుతో శనివారం పొద్దున బ్యాంకు తలుపు తీసేసరికి గుమ్మంలో నేనే. చలానా మీద ముద్ర ఠప్పుమని పడితే ఒళ్లు పులకరించేది. తర్వాత ఆదోని బస్సులో సీటు దొరక్కపోయినా కడ్డీ పట్టుకుని నాలో నేనే నవ్వుకుంటూ నిలబడేదాన్ని. ఏమ్మా, పెళ్లి కుదిరిందా అని కండక్టరు ఒకసారి అడగనే అడిగాడు.

దీపావళి దాటాక ఎంత తగ్గిందో చూద్దామని ఉబలాటంగా బాకీ అడిగితే, పెద్దగా తగ్గనే లేదు! కౌంటరు మీదికి వంగి, "అసలేమైంది సార్?" అన్నాను గుమాస్తాతో. ఆయన నవ్వాపుకుంటూ, "అసలు అట్లే ఉండాదమ్మా, అదే గదా సంగతి! ఎక్కువ కట్టేటప్పుడు అసలుకు జమ చేయమని రాసియ్యల్ల. నువ్వేమో కట్టేసి బస్సుకు ఉరుకుతాండావు, మేము రాబోయే కంతుల కింద పెట్టుకుంటా వచ్చినాం" అన్నాడు. మిల్లులో అందరి లెక్కలూ సరిచేసే నాకు ఆ ఒక్క ముక్క తట్టలేదు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పాపం ఆయనే లోపలికి పోయి మాట్లాడి అదంతా అసలుకు మార్పించాడు. ఆ తర్వాత నేను రాసిన ప్రతి చలానా మీదా 'అసలుకు' అన్న మాట గోడ మీద రాతంత పెద్దగా ఉండేది.

అయినా జాతర దగ్గరపడేసరికి ఇంకా కొంత మిగిలిపోయింది. మిల్లులో ఆడవాళ్లం కలిసి వేసుకున్న చీటీ ఒక్కటే దిక్కు. పాటలో ఎవరు ఎక్కువ వదులుకుంటామంటే ఆ నెల చీటీ వాళ్లకే. దాన్ని నడిపేది పత్తి ఏరే పనికి వచ్చే ఒక పెద్దామె, కౌతాళం మనిషి, అందరమూ అత్తా అనేవాళ్లం. నేను వెయ్యి అన్నాను. ఎవరూ పలకలేదు. ఆ మౌనానికే బెదిరి పదహైదు నూర్లు అన్నాను. అందరూ వింతగా చూస్తుంటే ఇంకా భయమేసి రెండు వేలని అరిచాను. అత్త పొట్ట పట్టుకుని నవ్వి, "నిలుపమ్మే, నీ మీద నువ్వే పాడుకుంటాండావు! ఇంగెవురూ నోరే తెరవల్యా" అని వెయ్యికే చీటీ నా పేరున ఖాయం చేసింది. ఆ మిల్లులో ఉన్నన్నాళ్లూ నన్ను 'రెండు వేలు' అనే పిలిచారు.

మరునాడే వెళ్లి మిగిలిందంతా కట్టేసి, బాకీ లేదన్న కాగితం పట్టుకుని అక్క పనిచేసే అంగడికి పరుగెత్తాను. గిరాకీలంతా చూస్తున్నారని కూడా లేకుండా, ముగిసిందక్కా అని కేక పెట్టాను. అక్క చేతిలో చీర మడత జారిపోయింది. ఆ వారంలోనే తన లోన్ కాగితాలు సిద్ధమయ్యాయి. దానికీ ఇంకొకరి సంతకం కావాలన్నారు. అక్క నా వైపు తిరిగి, "బాగా యోచన చేస్కోమ్మే, మళ్లా ఇరుక్కుంటావు" అంటుండగానే పెన్ను లాక్కుని తన పేరు కింద నా పేరు రాశాను. జాతర మొదలయ్యే నాటికి అక్క అంగడి తలుపు తీసింది.

ఇప్పుడు చిన్నా చితకా అప్పులు ఫోన్లోనే పుట్టి ఫోన్లోనే తీరిపోతున్నాయి, ఎవరి సంతకం కోసం ఎవరూ ఎదురుచూడటం లేదు. మంచిదే, ఒకరి చదువుకు ఇంకొకరి అంగడి ఆగిపోకూడదు. కానీ తీరిన రోజు పరుగెత్తుకుంటూ వెళ్లి కేక పెట్టడానికి ఒక గుమ్మం కూడా లేకుండా పోయిందే అని నాకు దిగులు. అక్క కూడా తన అప్పు ముందే తీర్చేసింది, అంగడి పెద్దది చేసుకుంది. ఇద్దరికీ ఎవరి ఇల్లు వాళ్లది, ఎవరి రేషన్ కార్డు వాళ్లది. ఆ రెండు అప్పులూ తీరిపోయాక, మా ఇద్దరి పేర్లూ మళ్లీ ఏ కాగితం మీదా ఒకదాని కింద ఒకటి పడలేదు.