ఖాజాగూడ వెనక బాటలో నా సర్వే

ఆ రోజుల్లో నా కాలు ఒకచోట నిలిచేది కాదు. ఉద్యోగం ఉంది, పని లేదు. మా ఐటీ వాళ్ళ భాషలో దాన్ని బెంచ్ మీద ఉండటం అంటారు (నిజానికి బెంచీ ఉండదు, మంచి కుర్చీయే ఇస్తారు, అందులో కుదురుగా కూర్చోవడమే కష్టం). పొద్దున్నే మెడలో ట్యాగ్ వేసుకుని హైటెక్ సిటీలో ఆఫీసుకు వెళ్ళడం, ఎవరి ఫోన్ మోగినా నన్ను తీసేస్తున్నారేమోనని ఉలిక్కిపడటం, సాయంత్రం హాస్టల్ గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు పచార్లు చేయడం. "నీ నడక చూస్తే నాకు కళ్ళు తిరుగుతున్నాయే. ఆ నడిచేదేదో బయట నడువు" అంది నా గదిలో ఉండే నెల్లూరు అక్క. కాకినాడలో మా బాబాయి తాను వాడటం మానేసిన కెమెరానూ, దాని ముక్కాలి స్టాండునూ నాకు అంటగట్టి ఉన్నాడు. ఒకే దారిని ఒకేచోట నిలబడి అన్ని ఋతువుల్లోనూ తీసిన ఫోటోలు అంతకుముందే ఎక్కడో చూశాను. నేనూ అలా తీయాలనుకున్నాను. మనుషులు లేని, చప్పుడు లేని పాత దారి ఒకటి దొరికితే నా మనసు కుదుటపడుతుందని ఆశ.

అలాంటి దారి ఖాజాగూడ వెనక దొరికింది. రెండు పక్కలా గుండ్రటి బండరాళ్ళు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు, ఒక వైపు కూలిపోతున్న రాతి గోడ. ఒకప్పుడు ఎడ్లబండ్లు నడిచిన బాటట. చివర నాలుగైదు ఇళ్ళు, ఒక బర్రెల కొట్టం. వెనకాల అద్దాల భవనాలు తొంగిచూస్తుండేవి గానీ, కెమెరాను కాస్త కిందికి వంచితే కనిపించేవి కావు. ఎండాకాలం ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. మళ్ళీ వచ్చినప్పుడు సరిగ్గా అక్కడే నిలబడాలి కదా! బ్యాగులో ఉన్న గోళ్ళరంగుతో ఒక రాయి మీద ఎర్రగా అడ్డగీత, నిలువుగీత గీశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

వానలు పడ్డాక వెళ్ళి చూస్తే నా రాయి కనిపించలేదు. ఆ చోట పసుపు, కుంకుమ, వేపమండలతో ఒక అమ్మవారు వెలిసి ఉంది. ప్రశాంతమైన నా దారిలో ఇదేమిటని విసుక్కుని, నాలుగడుగులు పక్కకు జరిగి, ఇంకో రాయి మీద మళ్ళీ ఎర్ర గీతలు గీసుకుని వచ్చాను. సీతాఫలాలు కాసేనాటికి ఆ రాయి కూడా అమ్మవారైపోయింది. పైగా రాతి గోడ మీద సున్నంతో పెద్ద పెద్ద అక్షరాలు: 'ఈ జాగ కోర్టుల ఉన్నది'. (ఇంత జరుగుతున్నా నాకు అనుమానం రాలేదు. జనానికి ఈ మధ్య భక్తి పెరిగిందనుకున్నాను.)

చలికాలంలో మంచు కోసం పొద్దున్నే వెళ్ళాను. స్టాండు నిలబెట్టి కెమెరా బిగిస్తుంటే, చేతిలో పాల చెంబుతో ఒక పెద్దమ్మ వచ్చి నా మెడలోని ట్యాగును కింద నుంచి పైదాకా చూసింది.

"ఇయ్యాల ఏం తీస్తవ్ బిడ్డా?"

"ముందు ఈ గోడ తీస్తానండి."

"గోడొక్కటేనా? మా ఇల్లు గూడ తీస్తవా?"

పాపం, ముచ్చటపడుతోంది అనుకున్నాను. "తప్పకుండా తీస్తానండి. ఎంతసేపు, అయిదు నిమిషాల పని!"

పాల చెంబు అక్కడే పెట్టేసి, రెండు చేతులా నా స్టాండును వాటేసుకుని ఆవిడ పెట్టిన కేకను ఆ బండరాళ్ళన్నీ తిరిగి వినిపించాయి. "ఓరి నాయనో! ఇల్లు తీస్తదంట! అయిదు నిమిషాలల్లనంట! రాండ్రా!"

ఇళ్ళన్నీ బయటికి వచ్చాయి. ముందుగా వచ్చింది ఆవిడ కొడుకు, ఆటో నడుపుతాడు. "ఎన్ని ఫీట్ల రోడ్డు ఏస్తుండ్రు మేడం? గిట్ల నోటీసు లేకుండ గుర్తులు పెట్టుకుంట పోతే మేమేడికి పోవాలె?" అప్పుడు వెలిగింది నాకు. రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు కూల్చే చోటల్లా ఎర్ర గుర్తులే పెడతారు. నేను నోరు తెరిచేలోగా నా ఫోన్ మోగింది. ఆఫీసు నుంచి టీమ్ లీడ్: "కొత్త ప్రాజెక్టుకి నీ ఇంటర్వ్యూ. గంటలో రావాలి." ఇది పోతే ఉద్యోగమే పోతుంది. "వెంటనే వస్తాను సార్" అన్నాను. 'సార్' అన్న మాట ఆటో అన్న చెవిన పడింది. ఫోన్ లాక్కుని స్పీకర్ పెట్టాడు.

"సారూ, నమస్తే. మా ఇండ్లు తియ్యకుండ్రి సారూ. మా తాత జమాన్ల కాంచి ఈడనే ఉంటున్నం."

మా టీమ్ లీడ్‌కి అర్థం కాని సంగతి ఎదురైనప్పుడల్లా చెప్పే మాట ఒకటుంది. స్పీకర్‌లోంచి అదే వచ్చింది: "ఓకే, ఓకే. పైవాళ్ళతో మాట్లాడి చెప్తాను."

దాంతో ఆయన పెద్ద ఆఫీసరేనని అందరికీ ఖాయమైపోయింది. ఒకావిడ ఏడుపు అందుకుంది. నాకూ ఏడుపొచ్చింది. కెమెరాలోని ఫోటోలు ఒక్కొక్కటే చూపించాను: ఎండలో బాట, వానలో బాట, సీతాఫలాల బాట. పెద్దమ్మ కళ్ళు చికిలించి చూసింది.

"రోడ్డు కాదా?"

"కాదండీ. ఊరికే ఫోటోలు."

"ఎవ్వరు లేని బాట ఫోటో ఎందుకు?"

"బాగుంటుందని."

"దీనికి నీకు జీతమిస్తుండ్రా?"

కాస్త ఆలోచించాను. "ఇస్తున్నారండి" అన్నాను. బెంచ్ మీద ఉన్నదాన్ని, అంతకు మించిన నిజం లేదు. ముందు పెద్దమ్మ నవ్వింది, తర్వాత బాటంతా నవ్వింది. ఆటో అన్న "జర గట్టిగ పట్టుకో మేడం" అని బండరాళ్ళ మధ్యనుంచి ఎగిరెగిరి పడుతూ నన్ను సమయానికి ఆఫీసులో దించాడు. ఇంటర్వ్యూలో టీమ్ లీడ్ నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "ఆ ఇళ్ళ సంగతి ఏమైంది?" నేను చెబుతుంటే కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వాడు. ప్రాజెక్టు వచ్చింది. వేప పూతకు వెళ్ళాలనుకున్న వసంతాన్ని ఆ ప్రాజెక్టే మింగేసింది.

మళ్ళీ ఆ వైపు వెళ్ళేసరికి కొన్నేళ్ళయింది. బాటకు సిమెంటు వేశారు, వెడల్పు మాత్రం అంతే. పెద్దమ్మ నన్ను గుర్తుపట్టి, "ఇగ నన్ను తియ్యి" అని, చీర మార్చుకుంటానని లోపలికి పోయింది. ఎంతకీ రాదు. గడప మీద కూర్చున్నాను. లోపల పెట్టె తెరిచిన చప్పుడు, ఏ చీర బాగుంటుందని కోడలితో వాదన. ఎండ గోడ దిగి నా కాళ్ళ మీదికి వచ్చింది. బెంచ్ మీదున్న అప్పటి అమ్మాయైతే ఈపాటికి పదిసార్లు లేచి, చివరికి ఖాళీ గడపను ఫోటో తీసుకుని వెళ్ళిపోయేది. ఆ పిల్లను తలచుకుంటే నవ్వొచ్చింది, కాస్త జాలీ వేసింది. లోపలికి వినపడేలా, "తొందరేం లేదు పెద్దమ్మా, మెల్లగా రా" అన్నాను.