పాస్‌పోర్టులో పదమూడేళ్ళ పిల్ల

బాన్సువాడలో ఈ సంగతి ఇప్పటికీ ఒకేలా చెబుతారు. మన మేడం ఓడ మీద దొరలతో కొట్లాడి, వాళ్ళ రూలు పక్కన పెట్టించి, ఎరువుల దుకాణం గంగారెడ్డి బిడ్డకు న్యాయం చేసిందట. వినడానికి బాగానే ఉంటుంది. నాకు కొట్లాడే గుణం ఉన్న మాట వాస్తవం కాబట్టి జనం నమ్ముతారు కూడా. కానీ అందులో ఓడ ఒక్కటే నిజం. నేను ఎవరితోనూ కొట్లాడలేదు. ఆ రూలును అందరికంటే గట్టిగా పట్టుకుని కూర్చున్నది నేనే. ఆ పిల్ల కష్టానికి మూలం కూడా నేనే. పుణ్యం దక్కాల్సినవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళకు దక్కనివ్వాలనే ఇదంతా రాస్తున్నాను.

అది 2005, మే నెల. సింగపూర్ నుంచి బయలుదేరే ఒక క్రూయిజ్ షిప్‌లో యూత్ స్టాఫ్‌గా నాకది మూడో కాంట్రాక్టు. యూత్ స్టాఫ్ అంటే, తల్లిదండ్రులు ఓడంతా తిరిగి వచ్చేదాకా పిల్లల్ని ఆడిస్తూ కనిపెట్టుకుని ఉండేవాళ్ళం. బి.ఎస్సీ., బి.ఇడి. చేసి బాన్సువాడలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆరేళ్ళు పాఠాలు చెప్పాక, పేపర్లో ప్రకటన చూసి హైదరాబాదు వెళ్ళి ఇంటర్వ్యూ ఇచ్చి వచ్చిన ఉద్యోగం. "ఓడ మీద ఏం పని మేడం, గిన్నెలు తోముడా?" అని అడిగినవాళ్ళకు, "మీ పిల్లల్ని ఆరేళ్ళు భరించాను కదా, అదే పని, కాకపోతే నీళ్ళ మీద" అని చెప్పేదాన్ని.

మా పనిలో ప్రాణమంతా ఏజ్ గ్రూపుల్లోనే ఉంది. మూడు నుంచి ఐదేళ్ళ వాళ్ళకు ఒక గది, ఆరు నుంచి ఎనిమిదికి ఒకటి, తొమ్మిది నుంచి పన్నెండుకు ఇంకొకటి. ఈ మూడు గదుల్లో పిల్లను వదిలేటప్పుడు సైన్-ఇన్, తీసుకెళ్ళేటప్పుడు సైన్-అవుట్, రెండూ తల్లిదండ్రులే చేయాలి. పదమూడు నిండితే టీన్ క్లబ్. అక్కడ పదిహేడేళ్ళ వాళ్ళదాకా ఉంటారు. వాళ్ళే వస్తారు, వాళ్ళే సంతకం పెట్టి పోతారు, ఎవరూ అడగరు. ఓడ ఎక్కిన రోజుకు పాస్‌పోర్టు ప్రకారం ఎంత వయసో అంతే. అన్నదమ్ములని, అక్కచెల్లెళ్ళని, స్నేహితులని మినహాయింపు లేదు. పెద్ద పిల్లల్ని చిన్న గదిలోకి రానిస్తే చిన్నవాళ్ళకు ముప్పని ఆ రూలు పెట్టారు. మంచి రూలే. ఇప్పటికీ అదే అంటాను.

ఆ ట్రిప్పులో మన వైపు డీలర్లు కొందరు వచ్చారు. పురుగుమందుల కంపెనీ వాళ్ళు బాగా సరుకు అమ్మిన దుకాణదారుల్ని కుటుంబాలతో సహా తిప్పే డీలర్ టూర్ అది. పెద్ద కొడప్‌గల్ నుంచి వచ్చి బాన్సువాడలో దుకాణం పెట్టిన గంగారెడ్డి, ఆయన భార్య పద్మ, కూతుళ్ళు మౌనిక, శిరీష మా డెస్క్ ముందుకు వచ్చారు. వేల మైళ్ళ దూరంలో మన మాట వినబడేసరికి ప్రాణం లేచొచ్చింది.

"అయ్యో, సుజాత మేడం!" అంది పద్మ. "మా పిల్లలకు ఒకటో తరగతి మీరే గద చెప్పింది!"

నవ్వుతూ పాస్‌పోర్టులు తీసుకున్నాను. శిరీషకు పదేళ్ళు. మౌనిక పాస్‌పోర్టులో పుట్టిన తేదీ మే పది. అప్పటికి పది రోజుల కిందటే పదమూడు నిండాయి.

"శిరీష ఈ గదిలో. మౌనిక పైన టీన్ క్లబ్‌లో" అన్నాను.

"పదమూడు ఏడివి మేడం? దీనికి పదకొండే. సద్దుల బతుకమ్మ నాడు పుట్టింది. ఆ తారీఖు మీరే గద రాసిండ్రు!" అంది పద్మ.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజుల్లో మా వైపు ఊళ్ళలో పుట్టిన తేదీ బడిలో పుట్టేది. పిల్లను తెచ్చి నిలబెడితే, ఒకటో తరగతికి ఐదేళ్ళు నిండాలి కాబట్టి నిండినట్టు మేమే రాసేవాళ్ళం. అన్ని బళ్ళలోనూ జూన్ ఒకటే రాస్తారు. మా హెడ్‌మాస్టరుగారు తెలివైనవారు. "క్లాసంతా ఒకే రోజు పుడితే ఇన్‌స్పెక్టర్ నవ్వుతడమ్మా, కొందరికి ఏప్రిల్ రాయి, కొందరికి మే రాయి" అనేవారు. మౌనికకు అప్పుడు నాలుగేళ్ళు కూడా నిండలేదు. వాళ్ళ పెద్దనాన్న కూతురి చెయ్యి పట్టుకుని వచ్చి ఒకటో తరగతి బెంచీ మీద కూర్చుంది. లేపితే ఏడుపు. తల్లీదండ్రీ కూడా రాయమని నిలబడ్డారు. పోనీలే అని రిజిస్టర్‌లో మే పది రాసేశాను. ఆ తేదీ మీదే తర్వాత బర్త్ సర్టిఫికెట్ వచ్చింది, దాని మీద పాస్‌పోర్టు వచ్చింది.

ఇక్కడ నేనేం చేయాలి? సూపర్‌వైజర్‌ను పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాలి. చెప్పలేదు. సిగ్గు, భయం రెండూ పట్టుకున్నాయి. పైగా గంగారెడ్డి డెస్క్ మీదికి వంగి గుసగుసగా, "పాస్‌పోర్టు తప్పని ఎవ్వలకు చెప్పకుండ్రి మేడం. ఇమ్మిగ్రేషన్ల ఆపితే మా ఇజ్జత్ పోతది" అన్నాడు. నాకు అంతకంటే ఏం కావాలి? గొంతు పెంచి, "పాస్‌పోర్టులో ఏముంటే అదే వయసు. రూలంటే రూలే" అని మౌనిక చేతికి టీన్ క్లబ్ బ్యాండ్ చుట్టాను. ఆ పిల్ల చెల్లెలి చెయ్యి వదలలేదు. నేనే విడిపించాను.

ఆ సాయంత్రం డీలర్లకు థియేటర్లో కంపెనీ మీటింగు. శిరీష ఉన్న గదిలో నా డ్యూటీ. అది ముగిశాక పద్మ శిరీషను సైన్-అవుట్ చేసుకుని, పెద్ద కూతురి కోసం టీన్ క్లబ్‌కు వెళ్ళింది. అక్కడ మౌనిక లేదు. క్యాబిన్‌లోనూ లేదు. టీన్ క్లబ్ కాగితంలో చూస్తే వచ్చిన పావుగంటకే సంతకం పెట్టి వెళ్ళిపోయింది. అంటే అప్పటికి రెండు గంటలు. చుట్టూ సముద్రం. "నా బిడ్డ ఏదే?" అంటూ పద్మ నా భుజాలు పట్టి ఊపిన ఊపు నాకు ఇప్పటికీ తెలుస్తుంది. ఆ పిలుపులో మేడం లేదు, మీరు లేదు.

సెక్యూరిటీ వాళ్ళు ఓడంతా గాలించారు. పిల్ల లైఫ్‌బోట్ల కింద, అసెంబ్లీ స్టేషన్ దగ్గర దొరికింది. ప్రమాదం జరిగితే ప్రయాణికులు చేరాల్సిన చోటు అది. ఓడ కదిలే ముందు అందరినీ అక్కడికి తీసుకెళ్ళి డ్రిల్ చేయిస్తాం. నారింజ రంగు లైఫ్ జాకెట్ గడ్డందాకా కట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"ఈడెందుకు కూసున్నవ్ బిడ్డా?" అన్నాను. అన్నేళ్ళ నా ఇంగ్లీషు ఎటు పోయిందో.

"ఆడ అందరు పెద్దోళ్ళున్నరు మేడం. రూముల ఒక్కదాన్నే ఉంటే భయమైంది. ఏదన్న అయితే గీడికే రావాలె, ఎవలో ఒకలు వస్తరు అన్నరు గద."

మా సూపర్‌వైజర్ లోర్నా ఫిలిప్పీన్స్ మనిషి. ఆమె టీన్ క్లబ్ కాగితం నా ముందు పెట్టింది. పేరు, క్యాబిన్ నంబరు, పక్కన వయసు గడి. అందులో మౌనిక గుండ్రని అక్షరాలతో 11 అని రాసింది. అక్కడి స్టాఫ్ ఎవరూ చూడలేదు. అప్పుడిక దాచలేక, రిజిస్టర్ దగ్గర్నుంచి మొత్తం చెప్పేశాను.

లోర్నా అరుస్తుందనుకున్నాను. "మా అమ్మ పుట్టినరోజు కూడా చర్చి ఫాదర్ రాసిందే, బాప్తిస్మం రోజు" అని నిట్టూర్చింది. "కానీ ఈ సంగతి నాకు పొద్దున చెప్పాల్సింది. ఇప్పుడు ఇన్సిడెంట్ రిపోర్ట్ రాయాలి. నీ మాటలు నేను దిద్దను."

ఏదైనా జరిగితే ప్రయాణికులు కూడా సంతకం చేసే కాగితం అది. తల్లి ముందే చెప్పినా స్టాఫ్ వినలేదని వాళ్ళు ఒక్క వాక్యం రాస్తే నేను తర్వాతి రేవులో పెట్టె సర్దుకోవాల్సిందే. గంగారెడ్డి పెన్ను తీశాడు. "ఈమె నౌకరి ఊడగొట్టకుంటే నా పేరు గంగారెడ్డి కాదు!"

పద్మ పెన్ను గుంజుకుంది. "ఎవల మీద రాస్తవయ్యా? పొద్దున ఇమ్మిగ్రేషన్ అని ఎవలు వణికిండ్రు? తప్పు తారీఖు రాసింది ఆమె, రాయమని నిలబడ్డది మనం. ఆనాడు బడిల బిడ్డను ఆమె చేతుల పెట్టి ఇంటికి పోయి నిమ్మళంగ పండుకున్నం." తర్వాత నా వైపు తిరిగింది. "మీరు కూడా మస్తు మాట్లాడుతరు మేడం, గని మాట్లాడవలసిన కాడ నోరు పెగలదు."

 

రిపోర్టులో లోర్నా నా మాటలు నేను చెప్పినట్టే రాసింది. తల్లిదండ్రులకు ఫిర్యాదు లేదని పద్మ సంతకం చేసింది. నాకు రాతపూర్వకంగా ఒక హెచ్చరిక వచ్చింది, ఉద్యోగం మిగిలింది. పాస్‌పోర్టు మారలేదు, రూలూ మారలేదు. కాకపోతే లోర్నా రూల్ బుక్ తెరిచి నేను ఏనాడూ పట్టించుకోని ఒక వాక్యం చూపించింది. ఫ్యామిలీ అవర్ పెట్టినప్పుడు, తల్లో తండ్రో పక్కనే కూర్చుంటే ఏ వయసు పిల్లలైనా ఆ గదిలో ఆడుకోవచ్చు. రోజుకు ఒక గంట ఉండేదాన్ని మిగిలిన రెండు రోజులూ మూడేసి గంటలు చేసింది.

అలా పద్మ మా గదికి వచ్చింది. ఓడ మీద ఆమెకు తిండి నచ్చలేదు, భాష రాదు, మొగుడేమో మీటింగుల్లో. ఊరికే కూర్చోలేక నన్ను అడిగి రంగు టేపు తీసుకుని నేల మీద అష్టాచెమ్మ గడులు వేసింది. గవ్వలకు బదులు బఠానీ బద్దలు, ఒకవైపు రంగు పూసి. అరగంటలో నానా దేశాల పిల్లలు ఆమె చుట్టూ బోర్లా పడుకుని "చెమ్మా!" అని అరుస్తున్నారు. ఆటలో మోసం చేసిన ఒక ఆస్ట్రేలియా పిల్లాణ్ణి, "తొండి చేస్తుండు వీడు, ఎల్లగొట్టుండ్రి" అని తెలుగులోనే గదమాయిస్తే వాడికి అర్థమైంది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒక జట్టు. మౌనిక ఓడ ఎక్కాక నవ్వగా చూడటం నాకు అదే మొదలు.

2008లో ఓడ దిగి బాన్సువాడలోనే చిన్న బడి పెట్టాను. పుట్టిన తేదీ దగ్గర నేను ఎవరితోనూ మొహమాటపడను. "ఏదో ఒకటి రాయండి మేడం" అన్నవాళ్ళను వెనక్కి పంపి, ఆసుపత్రి చీటీయో, అదీ లేకపోతే అవ్వను పిలిచి ఏ పండుగకు అటో ఇటో అడిగి రాస్తాను. గయ్యాళి అంటారు. అననీ. రూలు మంచిదే అయినా దాని కింద మనం రాసే అంకె నిజమైనది కావాలని నేర్పింది ఆ ఒక్క సాయంత్రం. నన్ను దిద్దింది లోర్నా. నన్ను నిలబెట్టింది పద్మ. వాళ్ళిద్దరికీ రుణపడి ఉన్నాను.

ఒక్కటే తేలలేదు. ఓడ దిగే రోజు శిరీష నాతో అంది, "తప్పిపోయిన దినం అక్క మన ఆట రూము తలుపు కాడికి వచ్చింది మేడం. మీతోని మాట్లాడింది." నాకు గుర్తు లేదు. పక్కనే ఉన్న మౌనిక వెంటనే, "నేను రాలే మేడం, దీనికేం తెల్వదు" అంది, చెల్లెలి వైపు కళ్ళెర్రజేసి. ఆ సాయంత్రం తలుపు దగ్గర వచ్చిపోయే పిల్లలు చాలామంది. ఎంతమందిని చూసీ చూడకుండా పంపించానో నాకే తెలియదు. మౌనికకు ఇప్పుడు పెళ్ళయింది, నిజామాబాదులో ఉంటోంది. ఎదురుపడితే నవ్వుతుంది, నేను అడగలేకపోతాను. ఇక్కడ అడుగుతున్నాను. మౌనికా, నువ్వు తలుపు దగ్గరికి వచ్చావా? వస్తే నేను నీతో ఏమన్నాను?